అమరిక కోసం గీసే టేబుళ్లు విని చదివేవారికీ అర్థం కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

కార్యాలయాలు, విద్యాసంస్థలు, సంఘాలు నేడు వెలువరించే పత్రాలలో అధికభాగం కంప్యూటర్‌లో ఫైలుగా పుట్టి, ఫైలుగానే చేతులు మారి, చాలాసార్లు కాగితం మీదికి ఎక్కకుండానే పాఠకుడిని చేరుతున్నాయి. వాటిని కంటితో చూసి చదివేవారితో పాటు, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పలికే మాటలను విని చదివేవారూ, బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో తడిమి చదివేవారూ, అక్షరాలను ఎన్నో రెట్లు పెద్దవి చేసుకుని చదివేవారూ ఉన్నారు. నేను విని చదివేవారిలో ఒకడిని. మా చదువుకు నిత్యం అడ్డు తగులుతున్నా, పత్రం తయారుచేసేవారికి మాత్రం దాదాపు ఎప్పుడూ కనిపించని ఒక సమస్యను మీ పత్రిక ద్వారా వారి దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. అది పేజీని పొందికగా అమర్చడానికి వాడే టేబుళ్ల సమస్య.

టేబుళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెప్పాలి. మార్కుల జాబితా, రైళ్ల వేళలు, జమాఖర్చుల లెక్క వంటివి టేబుల్‌గా ఉండటమే మాకూ మేలు. అలాంటి టేబుల్‌లో ఒక గడిలోని అంకెకు అర్థం దాని పైనున్న శీర్షిక నుంచి, ఆ వరుస మొదట్లో ఉన్న పేరు నుంచి వస్తుంది. కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు బాణం మీటలను నొక్కుతూ గడి నుంచి గడికి కదులుతుంటే, శీర్షికలను సరిగా గుర్తించి ఉన్న టేబుల్‌లో స్క్రీన్ రీడర్ ఆ శీర్షికను కూడా కలిపి పలుకుతుంది. అందువల్ల ఆ అంకె ఎవరిదో, దేనిదో వెంటనే తెలుస్తుంది. చిక్కంతా రెండో రకంతో వస్తుంది. ఎడమ వైపు చిహ్నం, కుడి వైపు చిరునామా నిలబెట్టడానికో, అడుగున మూడు సంతకాలను సమాన దూరంలో ఉంచడానికో, ఫారంలో పేర్లనూ ఖాళీలనూ ఒకే నిలువు గీతన చేర్చడానికో టేబుల్ చొప్పించి, తర్వాత దాని గీతలను కనబడకుండా చేస్తారు. గీతలు పోయాయి కాబట్టి అక్కడ టేబుల్ లేదని కన్ను అనుకుంటుంది. ఫైలు లోపల మాత్రం టేబుల్ అలాగే ఉంటుంది, స్క్రీన్ రీడర్ చూసేది ఆ లోపలి నిర్మాణాన్నే.

ఒక సాధారణ దరఖాస్తు ఫారాన్ని ఊహించండి. మొదటి గడిలో "పూర్తి పేరు", రెండో గడిలో కోలన్ గుర్తు, మూడో గడి ఖాళీ. అదే వరుసలో నాలుగో గడిలో "పుట్టిన తేదీ", మళ్లీ కోలన్, మళ్లీ ఖాళీ. చూసేవారికి ఇది ముచ్చటైన పొందిక. నాకు వినిపించేది ఇది: "టేబుల్, 9 అడ్డు వరుసలు, 6 నిలువు వరుసలు. వరుస 1, నిలువు 1, పూర్తి పేరు. నిలువు 2, కోలన్. నిలువు 3, ఖాళీ. నిలువు 4, పుట్టిన తేదీ. నిలువు 5, కోలన్. నిలువు 6, ఖాళీ." ఇలా 54 గడులూ దాటితే తప్ప ఫారం పూర్తి కాదు. అందులో మూడో వంతు గడులలో కోలన్ తప్ప ఏమీ లేదు. పై నుంచి కిందికి నిలువుగా కదిలితే ఖాళీ తర్వాత ఖాళీ వినిపిస్తుంది గాని ఏ ఖాళీలో ఏమి రాయాలో తెలియదు, ఎందుకంటే "పూర్తి పేరు" అనే మాటకూ దాని పక్కనున్న ఖాళీకీ ఉన్న బంధం కంటికి కనిపించే దూరంలోనే ఉంది తప్ప ఫైలులో ఎక్కడా నమోదు కాలేదు. ఇక కింద ఎక్కడో నాలుగు గడులను కలిపేసి ఒక ప్రకటన చేర్చి ఉంటే, నిలువు వరుసల లెక్క అక్కడ హఠాత్తుగా మారిపోయి, నేను పత్రంలో ఏ చోట ఉన్నానో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వస్తుంది.

ఇది విసుగు పుట్టించే ఇబ్బందే అయినా, ఓపిక ఉంటే దాటవచ్చు. అంతకంటే తీవ్రమైనది అర్థం మారిపోవడం. స్క్రీన్ రీడర్ టేబుల్‌ను ఒక్కో అడ్డు వరుస చొప్పున, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. ఎడమ గడిలో ఒక సూచన మొత్తం, కుడి గడిలో మరో సూచన మొత్తం ఉంటే ఏ ఇబ్బందీ లేదు. మొదటిది ముగిసిన తర్వాతే రెండోది వస్తుంది. కానీ రెండు వైపులా పంక్తులు ఎదురెదురుగా నిలవాలనే పట్టింపుతో కొందరు ఒక్కో పంక్తిని ఒక్కో వరుసలో పెడతారు. ఎడమ వైపు "దరఖాస్తుతో పాటు జతపరచవలసిన" అని ఒక వరుస, "పత్రాలపై సంతకం చేయాలి" అని తర్వాతి వరుస. కుడి వైపు "గడువు ముగిసిన తర్వాత వచ్చిన" అని ఒక వరుస, "దరఖాస్తులను పరిశీలించరు" అని తర్వాతి వరుస. కంటికి రెండు స్పష్టమైన సూచనలు కనిపిస్తాయి. వినేవారికి అందేది "దరఖాస్తుతో పాటు జతపరచవలసిన గడువు ముగిసిన తర్వాత వచ్చిన పత్రాలపై సంతకం చేయాలి దరఖాస్తులను పరిశీలించరు" అనే మాటల కలగాపులగం. ఇందులో ప్రతి పదం సరిగానే పలికింది, లోపం ఉన్నది అవి వచ్చిన క్రమంలోనే. వాక్యంలో పదాల వరుస ఎంత ముఖ్యమో పత్రంలో భాగాల వరుస కూడా అంతే ముఖ్యం. ఆ వరుసను చూపుకు వదిలేసి ఫైలులో నమోదు చేయకపోతే, చూపు లేనివారికి ఆ పత్రం అందనట్టే లెక్క.

ప్రశ్నపత్రాల విషయంలో ఇది మరింత జాగ్రత్తగా ఆలోచించవలసిన సంగతి. నాలుగు జవాబులను రెండు నిలువు వరుసలుగా అమర్చి, ఎడమ వైపు 1, 2, కుడి వైపు 3, 4 పెడితే, వినే విద్యార్థికి అవి 1, 3, 2, 4 అనే క్రమంలో అందుతాయి. అంకెలు కూడా గడుల్లోనే టైపు చేసి ఉంటే విద్యార్థి ఎలాగో సర్దుకోగలడు. అంకెలు లేకుండా "మూడో జవాబు" అని గుర్తించమంటే అతని మూడోదీ ప్రశ్న తయారుచేసినవారి మూడోదీ వేరవుతాయి. తెలిసిన ప్రశ్నకే తప్పు జవాబు నమోదవుతుంది. ఆ తప్పు ఎవరి వల్ల జరిగిందో జవాబుపత్రం దిద్దేవారికి తెలిసే అవకాశమే లేదు.

వినేవారి సంగతి ఇలా ఉంటే, బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవారికి ఒకసారికి అందేది సాధారణంగా 40 బ్రెయిలీ గడుల (ఒక్కో బ్రెయిలీ గుర్తుకు ఒక గడి) ఒక్క పంక్తి, కొన్ని పరికరాలలో ఇంకా తక్కువ. వరుస, నిలువు సంఖ్యల గుర్తులే అందులో కొంత చోటు ఆక్రమిస్తే అసలు మాటకు మిగిలేది కొద్దిగా మాత్రమే. చూపు మందగించి అక్షరాలను పెద్దవి చేసుకునేవారి కష్టం మరో విధంగా ఉంటుంది. మామూలు పేరా అయితే తెర వెడల్పుకు తగ్గట్టు పంక్తులు విరిగి కిందికి దిగుతాయి. వెడల్పు బిగించిన టేబుల్ అలా దిగదు, ప్రతి పంక్తికీ తెరను కుడికి జరిపి మళ్లీ ఎడమకు లాక్కోవాలి. చేతి ఫోనులో పత్రం తెరిచే ప్రతి ఒక్కరికీ, చూపు ఎంత బాగున్నా, ఈ అనుభవం కొత్త కాదు.

ఈ అలవాటు ఎలా వచ్చిందో గుర్తుచేసుకుంటే దాన్ని మానడం సులభమవుతుంది. 1990ల నడుమ వెబ్ పేజీలలో టేబుళ్లు గీసే వీలు వచ్చింది. పేజీ రూపాన్ని తీర్చే సీఎస్‌ఎస్ 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడినా, బ్రౌజర్లు దాన్ని సరిగా పాటించడానికి ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో రెండు భాగాలను పక్కపక్కన నిలబెట్టడానికి డిజైనర్లకు టేబులే దిక్కయింది. ఆనాటి అవసరం అలాంటిది, వారిని తప్పుపట్టలేము. అయితే వెబ్‌కు ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999 మే నెలలో విడుదల చేసిన తొలి అందుబాటు మార్గదర్శకాలలోనే, గడులను విప్పి ఒకే వరుసగా చదివినప్పుడు అర్థం కాకపోతే అమరిక కోసం టేబుల్ వాడవద్దని హెచ్చరించింది. 2008 డిసెంబరులో వచ్చిన రెండో రూపంలో, చదివే వరుస అర్థానికి కీలకమైన చోట ఆ వరుసను సాఫ్ట్‌వేర్ గుర్తించగలగాలన్నది కనీస స్థాయి నియమమే. ఆ మార్గదర్శకాలు అమరిక టేబుళ్లను పూర్తిగా నిషేధించలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. విప్పి చదివితే అర్థం కావాలన్నదే వాటి షరతు, నా కోరిక కూడా అంతకు మించినది కాదు.

వెబ్ పేజీలలో దీనికి సూటి మార్గం ఉంది. పేజీ అమరికను సీఎస్‌ఎస్‌కు అప్పగించడం ఉత్తమం. అది వీలు కాని చోట ఆ టేబుల్‌కు ప్రెజెంటేషన్ అనే రోల్ (అది కేవలం అమరిక కోసమేనని కోడ్‌లో చెప్పే గుర్తు) చేరిస్తే, స్క్రీన్ రీడర్ టేబుల్ అనీ వరుస అనీ ప్రకటించకుండా లోపలి మాటలను మామూలు పాఠంలా చదువుతుంది. ఒక టేబుల్ లోపల మరో టేబుల్ ఉంటే లోపలిదానికి కూడా విడిగా ఆ గుర్తు పెట్టాలి. పైదానికి పెట్టినంత మాత్రాన లోపలిదానికి వర్తించదు. ఈ మెయిళ్ల రూపకల్పనలో ఈ పద్ధతి మరీ అవసరం, ఎందుకంటే విండోస్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్ 2007 నుంచి చాలాకాలం మెయిళ్లను వర్డ్ యంత్రాంగంతోనే చూపిస్తూ వచ్చింది కాబట్టి మెయిల్ డిజైనర్లు టేబుళ్లను వదలలేకపోయారు. గుర్తు లేని టేబుళ్ల విషయంలో బ్రౌజర్లు అది అమరిక కోసమా, సమాచారం కోసమా అని ఊహించి చూస్తాయి, అమరికదని తేలితే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ దాన్ని ప్రకటించకుండా వదిలేస్తుంది. ఊహ తప్పే సందర్భాలు తక్కువేమీ కావు. పైగా ప్రకటన ఆగినంత మాత్రాన చెడిన వరుస బాగుపడదు.

వర్డ్‌లో తయారయ్యే పత్రాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు అందే ఫైళ్లలో ఎక్కువ అక్కడ పుట్టినవే. పక్కపక్కన పేర్లు, తేదీలు నిలబెట్టడానికి ట్యాబ్ స్టాప్‌లు చాలు. వార్తాలేఖలా రెండు భాగాలుగా పాఠం పారాలంటే వర్డ్‌లోనే కాలమ్స్ సౌకర్యం ఉంది; అందులో మొదటి భాగం పూర్తయ్యాకే రెండో భాగం చదవబడుతుంది. పేరాలను లోపలికి జరపడానికి ఇండెంట్లు, శీర్షికలను పెద్దవిగా చూపడానికి స్టైల్స్ ఉన్నాయి. టేబుల్ వద్దన్నారు కదా అని కొందరు టెక్స్ట్ బాక్సులు గీసి పేజీ మీద ఇష్టమైన చోటికి లాగుతారు. దయచేసి అలా చేయవద్దు. పేజీ మీద తేలే టెక్స్ట్ బాక్సు ఫైలులో ఎక్కడో ఒక పేరాకు ముడిపడి ఉంటుంది, మాకు అది తప్పు చోట వినిపించవచ్చు, అసలు వినిపించకపోవచ్చు. ఆ మార్పిడి కంటే సక్రమంగా వరుస కుదిరిన సాదా టేబులే మేలు. స్పేస్ బార్‌ను పదేపదే నొక్కి మాటలను జరపడం కూడా పరిష్కారం కాదు. అక్షరం పరిమాణం మారిన మరుక్షణం ఆ పొందిక చెదిరిపోతుంది.

టేబుల్ ఉంచక తప్పదనుకుంటే దాన్ని పరీక్షించడానికి స్క్రీన్ రీడర్ కూడా అక్కరలేదు. కర్సర్‌ను మొదటి గడిలో ఉంచి ట్యాబ్ మీట నొక్కుతూ పోండి. కర్సర్ ఏ గడి తర్వాత ఏ గడికి వెళుతుందో మాకు మాటలు వినిపించే క్రమం అదే. ఆ క్రమంలో బిగ్గరగా చదివితే అర్థమైతే మాకూ అర్థమవుతుంది. గడులను కలపకుండా, చీల్చకుండా, టేబుల్ లోపల టేబుల్ పెట్టకుండా, దూరం కోసం ఖాళీ వరుసలు చొప్పించకుండా ఉంటే పని మరింత తేలికవుతుంది. అమరికకు కారణం ఏమీ లేదని తేలితే, కన్వర్ట్ టు టెక్స్ట్ అనే ఆజ్ఞ ఒక్కటి చాలు, టేబుల్ మామూలు పేరాలుగా మారుతుంది. ఆ తర్వాత పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ట్యాగులతో (ఏది శీర్షిక, ఏది పేరా, ఏది టేబుల్ అని ఫైలు లోపల చెప్పే గుర్తులు) సహా భద్రపరచాలి. వర్డ్‌లో సరిచేయకుండా పీడీఎఫ్‌గా మారిస్తే అమరిక టేబుల్ అక్కడ కూడా టేబుల్ ట్యాగుతోనే చేరుతుంది, దాన్ని అక్కడ విప్పి పేరాలుగా మార్చడం ఎక్కువ శ్రమ. అందుబాటులో ఉండే పీడీఎఫ్‌ల కోసం 2012లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన పీడీఎఫ్/యూఏ ప్రమాణం కూడా పాఠాన్ని అర్థవంతమైన వరుసలో, స్వభావానికి తగిన ట్యాగులతో గుర్తించమనే చెబుతుంది. ఇన్ని చేసినా అక్షరాలు యూనికోడ్‌లో లేకపోతే తెలుగు పత్రం మాకు అర్థం లేని గుర్తుల వరుసగానే వినిపిస్తుంది. అది విడిగా రాయవలసినంత పెద్ద విషయం కాబట్టి ఇక్కడ ప్రస్తావించి వదులుతున్నాను.

నన్ను అన్నింటికంటే బాధపెట్టే ఒక ధోరణి గురించి ఇప్పుడు చెప్పాలి. పత్రాలు అందరికీ అందాలన్న సదుద్దేశంతో ఎన్నో సంస్థలు అందుబాటు లోపాలను వెతికే యాక్సెసిబిలిటీ చెకర్‌తో ఫైళ్లను తనిఖీ చేస్తున్నాయి. మంచిదే. టేబుల్ కనిపించగానే చెకర్ దానికి హెడర్ (శీర్షికల) వరుస లేదని హెచ్చరిస్తుంది. తయారుచేసినవారు వెంటనే మొదటి వరుసను హెడర్‌గా గుర్తిస్తారు, హెచ్చరిక మాయమవుతుంది, పత్రం ఉత్తీర్ణమైందని అందరూ తృప్తిపడతారు. ఆ టేబుల్ అమరిక కోసమే గీసినదైతే, ఆ మొదటి వరుసలో సంస్థ పేరు, చిరునామా ఉంటాయి. ఇప్పుడు నేను కింది గడులలోకి ఎక్కడికి వెళ్లినా ముందు సంస్థ పేరో, చిరునామాయో పలికి, ఆ తర్వాతే గడిలోని మాట వినిపిస్తుంది. అంటే తనిఖీకి ముందు గజిబిజిగా మాత్రమే ఉన్న పత్రం తనిఖీ తర్వాత అబద్ధం చెప్పే పత్రమైంది. అమరిక టేబుళ్లలో హెడర్ గడులు, టేబుల్ శీర్షికలు వాడటాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సాంకేతిక పత్రాలు ఎఫ్46 అనే గుర్తుతో స్పష్టంగా వైఫల్యాల జాబితాలోనే చేర్చాయి. చెకర్ గడులను లెక్కించగలదు గాని, ఆ టేబుల్‌ను ఎందుకు గీశారో దానికి తెలియదు. అది గీసిన మనిషికే తెలుసు. కాబట్టి హెచ్చరిక వచ్చినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఇక్కడ టేబుల్ అవసరమా?" అన్నదే. అవసరం లేకపోతే తీసేయాలి. నిజంగా సమాచార పట్టికే అయితే అప్పుడు హెడర్ తప్పనిసరిగా గుర్తించాలి.

ఈ భారాన్ని ప్రతి గుమాస్తా మీదా, ప్రతి ఉపాధ్యాయుడి మీదా మోపమని నేను కోరడం లేదు. ఒక సంస్థలో పత్రాలు ఎప్పుడూ తెల్ల పేజీ నుంచి మొదలు కావు. లెటర్‌హెడ్, నోటీసు, ఫారం, ప్రశ్నపత్రం, వీటన్నిటికీ ఎవరో ఒకరు ఏనాడో తయారుచేసిన టెంప్లేట్ ఉంటుంది, దాన్నే తెరిచి మాటలు మార్చి వాడుతూ ఉంటారు. ఆ టెంప్లేట్‌లో కనిపించని టేబుల్ ఉంటే దాని నుంచి పుట్టే ప్రతి పత్రంలోనూ అది ఉంటుంది. ఆ ఒక్కదాన్ని సరిచేస్తే ఆ తర్వాత వచ్చేవన్నీ సరిగా ఉంటాయి. అందువల్ల టెంప్లేట్లను ఖరారు చేసే అధికారులు, వాటిని రూపొందించే డిజైనర్లు ఒక పూట వెచ్చించి తమ దగ్గరున్న ఫైళ్లను గ్రిడ్‌లైన్లు కనబడేలా తెరిచి చూడాలని నా మనవి. వర్డ్‌లో లేఅవుట్ విభాగంలోని వ్యూ గ్రిడ్‌లైన్స్ నొక్కితే దాగి ఉన్న గడులన్నీ చుక్కల గీతలతో బయటపడతాయి. పూరించవలసిన ఫారాలను మాత్రం ఖాళీ గడులతో సరిపెట్టకుండా, ప్రతి ఖాళీకీ పేరు ముడిపడి ఉండే ఫారం ఫీల్డులతో తయారుచేయాలి. అప్పుడే మేము ఇతరుల సాయం లేకుండా వాటిని నింపగలం. తన సొంత వివరాలను, తన బ్యాంకు ఖాతా సంఖ్యను, తన ఆరోగ్య సమాచారాన్ని మరొకరికి చెప్పి రాయించుకోవలసిన అవస్థ ఎంత కష్టమైనదో అనుభవించినవారికి తెలుసు.

ఇంత కొద్దిమంది కోసం ఇంత శ్రమ అవసరమా అని అడిగేవారు ఉంటారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 9వ అధికరణం సమాచారం, సమాచార సాంకేతికత అందుబాటును భౌతిక వాతావరణం, రవాణాలతో సమానంగా పేర్కొంది. భవనానికి ర్యాంపు కట్టించాలా వద్దా అని ఇప్పుడు ఎవరూ తలలు లెక్కపెట్టడం లేదు. పత్రానికి కూడా అదే న్యాయం వర్తించాలి. ఇక్కడ కావలసింది సిమెంటు, ఇటుకలు కూడా కావు, ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సౌకర్యాన్ని సరిగా వాడటమే.

సంపాదకులకు చివరిగా రెండు విన్నపాలు. డిజిటల్ పత్రాలను వినియోగయోగ్యంగా తయారుచేసే పద్ధతులపై మీ పత్రిక సాంకేతిక శీర్షికలో క్రమంగా కొంత చోటు కేటాయించండి. కంప్యూటర్ నేర్పే చోట్ల టేబుల్ ఎలా గీయాలో చెప్పేవారు ఉన్నారు గాని ఎక్కడ గీయకూడదో చెప్పేవారు అరుదు. అలాగే మీ డిజిటల్ సంచికలో పేజీల చిత్రాలతో పాటు ప్రతి వార్తకూ వరుస చెదరని పాఠ రూపాన్ని అందించి, అది సరిగా ఉందో లేదో స్క్రీన్ రీడర్ వాడే పాఠకులచేత చదివించి చూడండి. అందుకు పిలిస్తే నేనూ, నావంటి పాఠకులూ సంతోషంగా వస్తాం.

ఇట్లు
స్క్రీన్ రీడర్‌తో పత్రిక చదివే ఒక పాఠకుడు